మోకాళ్ళ మీద నిలకడ, లేచి నిలబడితే వణుకు

లక్నవరంలో పడవ షికారు చేసినవారూ, సెలవులకు గోవా వెళ్ళి వచ్చినవారూ ఇప్పుడు మన జిల్లాల నుంచి కూడా ప్యాడిల్ బోర్డు గురించి రాస్తున్నారు. సర్ఫింగ్ బోర్డును పోలిన వెడల్పాటి బోర్డు మీద నిలబడి, మనిషి కంటే పొడవైన తెడ్డుతో నీటిని తోసుకుంటూ సాగే ఈ ఆటకు పుట్టినిల్లు హవాయి దీవులు. ఈ నెల అందిన ఉత్తరాలలో మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను. తక్కినవాటిలో సగానికి సమాధానం అందులోనే ఉంది.

ప్రశ్న: నా వయసు నలభై ఒకటి, బరువు 78 కిలోలు. నేనూ మా బామ్మర్దీ కలిసి గాలి నింపే ప్యాడిల్ బోర్డు ఒకటి కొన్నాము. దాని పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు 32 అంగుళాలు, మందం ఆరు అంగుళాలు. మా ఊరి చెరువులో నాలుగు ఆదివారాలు ప్రయత్నించాను. మోకాళ్ళ మీద ఉన్నంతసేపు హాయిగా చెరువు నడిమి దాకా పోయి వస్తున్నాను. లేచి నిలబడగానే కాళ్ళలో వణుకు మొదలవుతుంది, బోర్డు అటూ ఇటూ కొట్టుకుంటుంది, పది లెక్కపెట్టేలోపు నీళ్ళలో ఉంటాను. పక్కనే థర్మోకోల్ తెప్ప మీద వల తీసే మా ఊరి గంగపుత్రుడికి అరవై దాటాయి. ఆయన లేచి నిలబడి బీడీ కూడా ముట్టించుకుంటాడు. లోపం నా వయసులో ఉందా, బరువులో ఉందా, బోర్డులో ఉందా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: వయసులో లేదు. బరువులోనూ లేదు. మంచినీటిలో ఒక లీటరు ఘనపరిమాణం ఒక కిలో బరువును తేలుస్తుంది; మీరు చెప్పిన కొలతల బోర్డు సుమారు 300 లీటర్లు ఉంటుంది, మీరూ బోర్డూ కలిస్తే 90 కిలోలకు మించరు. కొత్తవారికి తమ బరువుకు రెట్టింపు లీటర్లున్న బోర్డు చాలునంటారు, మీది అంతకంటే చాలా పెద్దది. బోర్డు విషయంలో నాకు ఒక్క అనుమానం ఉంది కానీ, దానికంటే ముందు ఆ వణుకు ఎక్కడ నుంచి వస్తున్నదో చూద్దాం.

నేల మీద నిలబడినప్పుడు కూడా మనం నిశ్చలంగా ఉండము. ఒళ్ళు ఎప్పుడూ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును కళ్ళూ, లోపలి చెవిలోని అర్ధవృత్తాకార కుల్యలూ, అరికాళ్ళలోనూ కీళ్ళలోనూ ఉండే నాడులూ కనిపెట్టి చెబితే, మెదడు చీలమండల దగ్గరి కండరాలను తగిన మేరకు బిగిస్తుంది. పాదం నేలను నొక్కుతుంది, నేల కదలదు కాబట్టి ఒళ్ళు తిరిగి నిటారవుతుంది. మీరు తప్పటడుగులు వేసిన నాటి నుంచీ మీ కాళ్ళకు తెలిసిన విద్య ఇది. బోర్డు మీద ఇదే విద్య ఎదురు తిరుగుతుంది. కుడివైపు ఒరిగానని కుడిపాదంతో నొక్కితే అక్కడ ఉన్నది నేల కాదు కాబట్టి బోర్డే కుడివైపుకు వంగుతుంది. దాన్ని సరిచేయబోయి ఎడమపాదంతో ఇంకా గట్టిగా నొక్కుతారు. కబురు కాలి నుంచి మెదడుకు పోయి, ఆజ్ఞ తిరిగి కాలికి వచ్చేసరికి సెకనులో పదోవంతో ఐదోవంతో గడిచిపోతుంది, ఈలోగా బోర్డు మరోవైపుకు తిరిగి ఉంటుంది. ప్రతి సవరణా కాస్త ఆలస్యంగానూ, కావలసినదాని కంటే కాస్త ఎక్కువగానూ పడుతుంది. మీరు వణుకు అంటున్నది బలహీనత కాదు, ఈ ఎక్కువ తక్కువల వరుస. పిక్కలు ఎంత బలమైనవైతే ఆ కొట్టుకోవడం అంత జోరుగా ఉంటుందని వ్యాయామశాలకు పోయే కుర్రవాళ్ళను చూసి నాకు అనిపిస్తుంటుంది.

బోనాల నాడు తల మీద బోనం ఎత్తుకొని పోయే ఆడబిడ్డను ఈసారి కాస్త శ్రద్ధగా గమనించండి. కుండ మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, మెడ కదలదు, భుజాలు కదలవు. గతుకులనూ రాళ్ళనూ మోకాళ్ళూ నడుమూ మింగేస్తుంటాయి. ఆమె కుండను చూడదు, చూడడం సాధ్యం కూడా కాదు, చూపు దారి మీదే ఉంటుంది. బోర్డు మీద మీ తలే ఆ బోనం. కొత్తగా నిలబడినవారు దీనికి సరిగ్గా విరుద్ధంగా చేస్తారు: మోకాళ్ళను కర్రల్లా బిగిస్తారు, కాలివేళ్ళతో బోర్డును గట్టిగా పట్టుకుంటారు, తల వంచి పాదాలనే చూస్తూ భుజాలు ఊపుతారు. వేళ్ళు బిగిస్తే పావుగంటలో అరికాళ్ళు తిమ్మిరెక్కి, అవి పంపవలసిన కబుర్లు కూడా ఆగిపోతాయి. చూపు దించితే తల బరువు ముందుకు వస్తుంది. పైగా కాళ్ళ పక్కన కదిలే అలలను చూస్తున్న కన్ను మెదడుకు తప్పుడు కబురు చెబుతుంది. అందువల్ల ఎదుటి కట్ట మీద ఒక తాటిచెట్టును ఎంచుకొని దాని మొదలును చూస్తూ ఉండండి. మోకాళ్ళు కొద్దిగా వంగి, బోర్డు కింద ఏం చేసుకున్నా చేసుకోనిచ్చేటంత వదులుగా ఉండాలి.

ఇక ఆ గంగపుత్రుడి సంగతి. ఆయన తెప్ప పొట్టిది, పొడవుతో పోలిస్తే వెడల్పు ఎక్కువ. తేలే వస్తువు పక్కకు ఒరగకుండా నిలిచే శక్తి దాని వెడల్పు ఘనంతో పాటు పెరుగుతుంది; అంటే అదే పొడవున్న బోర్డు 30 అంగుళాల నుంచి 34 అంగుళాలకు వెడల్పయితే ఆ నిలకడ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కానీ అసలు రహస్యం వెడల్పులో లేదని నా నమ్మకం. ఈసారి ఆయన చేతులను చూడండి. వల తీసేటప్పుడు దాని సగం నీళ్ళలోనే ఉంటుంది, బీడీ ముట్టించుకునేటప్పుడు కూడా వల కొస తెప్పకు కట్టో కాలి కింద నొక్కిపెట్టో ఉంటుంది. నీటిలోకి దిగి ఉన్న ఆ బరువైన వల తెప్పను పట్టి ఉంచుతుంది. ఆయన ఏ క్షణంలోనూ నీటితో సంబంధం తెంచుకోడు.

మీరు తెంచుకుంటున్నారు. మీ ఉత్తరమంతా మళ్ళీ చదివాను. కాళ్ళున్నాయి, బోర్డు ఉంది, బరువు ఉంది, తెడ్డు మాట ఎక్కడా లేదు. నిలబడగానే తెడ్డును రెండు చేతులా అడ్డంగా, తీగ మీద నడిచేవారు గడ పట్టుకున్నట్లు గాలిలో పట్టుకొని ఉంటారని ఊహిస్తున్నాను. కొత్తవారిలో పదిమందికి తొమ్మిదిమంది చేసే పని ఇదే. తీగ మీది గడ పనిచేసేది అది పొడవుగానూ బరువుగానూ ఉండడం వల్ల. మీ తెడ్డు కిలో బరువుంటే గొప్ప, గాలిలో దానివల్ల ఏ ఉపకారమూ లేదు. అదే తెడ్డు రెక్క నీటిలో మునిగి ఉంటే మీకు మూడో కాలు వచ్చినట్లు. అరచేతితో నీటిని మెల్లగా నొక్కితే చెయ్యి దిగిపోతుంది, చరిస్తే నీరు ఎదురు తంతుంది, ఇది తెలియనివారు లేరు. తెడ్డు రెక్క ఆ అరచేతి కంటే చాలా పెద్దది. కుడికి పడబోతున్నట్లు అనిపించినప్పుడు రెక్కను కుడివైపు నీటి మీద పరచి నొక్కితే, ఒళ్ళు తిరిగి మధ్యకు రావడానికి కావలసిన ఆసరా ఆ ఒక్క క్షణానికి దొరుకుతుంది. బోర్డును ముందుకు నడిపే ప్రతి తోపులోనూ ఈ ఆసరా దానంతట అదే ఉంటుంది. ఆగి ఉన్న బోర్డు మీద నిలబడడం కంటే సాగుతున్న బోర్డు మీద నిలబడడం సులభం అనడానికి ప్రధాన కారణం ఇదే. మోకాళ్ళ మీద మీరు పడకపోవడానికి బరువు కిందికి దిగి ఉండడం ఒక కారణమైతే, అప్పుడు తెడ్డు ఆపకుండా వేస్తూ ఉండడం రెండో కారణం. లేచి నిలబడేముందు ఆపేస్తున్నారు, మొత్తం తేడా అక్కడ వస్తున్నది.

కాబట్టి వచ్చేసారి ఇలా చేయండి. నడుము దాటి ఛాతీ లోతు నీరున్న చోట, మోకాళ్ళ మీదే కొంత దూరం వేగంగా సాగండి. బోర్డు నడుమ మోసుకుపోవడానికి ఒక పిడి ఉంటుంది, అది బోర్డు బరువుకు మధ్యస్థానం. తెడ్డును ముందు అడ్డంగా పెట్టి, రెండు చేతులనూ దానితో సహా బోర్డు మీద ఆనించి, ఒక మోకాలు ఉన్న చోటికే ఆ పాదాన్ని తెచ్చి పెట్టండి, తర్వాత రెండోది. ఇప్పుడు గొంతుక్కూర్చున్నట్లు ఉంటారు. పాదాలు పిడికి చెరోవైపు, తుంటి వెడల్పున, వేళ్ళు ముందుకు చూస్తూ ఉండాలి. ఒకటి వెనక్కు జరిగిందంటే బోర్డు ముక్కు పైకి లేస్తుంది. అక్కడ ఒక ఊపిరి తీసుకొని, ముందు ఛాతీని, ఆ తర్వాత నడుమును లేపండి. పూర్తిగా నిటారు కాకముందే, మోకాళ్ళు ఇంకా వంగి ఉండగానే తెడ్డు నీటిలో పడాలి. ఒకవైపు నాలుగైదు తోపులు, తర్వాత రెండోవైపు. నిలదొక్కుకున్నాక తెడ్డు వేద్దామని ఎదురుచూశారా, ఆ నిలదొక్కుకోవడం ఎప్పటికీ రాదు. పడబోతే పడండి, కానీ బోర్డు మీద కాకుండా దానికి దూరంగా, పక్కకు, ఒళ్ళు వెడల్పుగా చేసి పడండి. కాళ్ళు కిందికి పెట్టి నిటారుగా దూకితే మన చెరువుల పూడికలో మోకాలు దాకా దిగిపోవచ్చు.

పడ్డాక తిరిగి ఎక్కే విద్య నిలబడే విద్య కంటే ముందు రావాలి. నిలబడే ప్రయత్నానికి ముందే కావాలని పదిసార్లు పడి పదిసార్లు ఎక్కండి. బోర్డు నడుమకు ఈదుకుంటూ వచ్చి పిడిని పట్టుకొని, ముందు కాళ్ళను వెనుక నీటి మీదికి తేల్చి, చేపలా తన్నుతూ పొట్ట మీద బోర్డు పైకి జారాలి. కాళ్ళు కిందికి వేలాడుతుండగా చేతుల బలంతో ఎక్కబోయినవారు మూడుసార్లకే అలసిపోతారు. పడితే ఏమవుతుందోనన్న బెదురు ఉన్నంతకాలం మోకాళ్ళు వదులు కావు. ఆ బెదురు తీరేది ఇలా ఎక్కడం వచ్చిన తర్వాతే.

బోర్డు మీద ఉందన్న అనుమానం గాలి గురించి. ఇలాంటి బోర్డులకు సాధారణంగా 12 నుంచి 15 పీఎస్ఐ ఒత్తిడి అవసరం. చేతిపంపుతో ఎనిమిది తొమ్మిది దాకా తేలికగా పోతుంది, ఆ తర్వాతే నడుము నొప్పి పుట్టే పని. చాలామంది అక్కడే చాలించి, వేలితో నొక్కి చూసి, గట్టిగానే ఉందనుకుంటారు. ఒత్తిడి చాలని బోర్డు మధ్యలో మీ బరువుకు ఉయ్యాలలా వంగుతుంది, ప్రతి అలకూ మెలి తిరుగుతుంది. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు బరువు కొంత పరచుకుంటుంది కాబట్టి ఆ వంపు తెలియదు, రెండు పాదాల మీద నిలిచినప్పుడే బయటపడుతుంది. పంపు మీది ముల్లు బోర్డు మీద అచ్చువేసిన అంకె దగ్గరికి వచ్చేదాకా కొట్టండి. నింపిన బోర్డును ఒడ్డున ఎండలో వదిలేయకండి, వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది.

మరొకటి. నాలుగు ఆదివారాలు రెండేసి గంటలు చేయడం కంటే ఒకే వారంలో నాలుగు ఉదయాలు అరగంట చొప్పున చేయడం మేలు. ఒంటి విద్యలు నేర్చుకునేటప్పుడు కొంత పని నిద్రలో జరుగుతుంది. వారం గడిస్తే కాళ్ళు మళ్ళీ మొదటికి వస్తాయి. బామ్మర్దితో వంతులు వేసుకోవడం కూడా మంచిదే, ఒకరు ఎప్పుడూ ఒడ్డున చూస్తూ ఉంటారు.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్ళు. బోర్డు మీద నిలబడి సాగాలని చాలా కోరికగా ఉంది, కానీ ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకుంటే సరిపోతుందని మా తమ్ముడు అంటున్నాడు. ఇంటి దగ్గర లోయర్ మానేరు డ్యామ్ ఉంది కదా, అక్కడే నేర్చుకోవచ్చునా? చుడీదార్‌తో చేయడానికి వీలవుతుందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: మీ తమ్ముడు చెప్పినది సగం నిజం అమ్మా. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, కానీ మొదటిసారి ముఖం మీదికి నీళ్ళు వచ్చినప్పుడు పుట్టే కంగారును తీసేయదు. పైన రాసినట్లు ఈ ఆటలో పడడం తప్పు కాదు, పాఠంలో భాగం. పడతానేమోనని భయపడేవారు మోకాళ్ళు బిగించుకొని తప్పకుండా పడతారు. అందుకని ముందు ఒక నెల ఈత కొలనుకు వెళ్ళండి. పోటీ ఈత అక్కరలేదు. వెల్లకిలా తేలడం, నీట మునిగి ఊపిరి వదిలి పైకి రావడం, ఎలాగో ఒకలాగ 25 మీటర్లు సాగడం వస్తే చాలు. ఆ తర్వాత అదే కొలనులో జాకెట్ వేసుకొని పక్కకు పడి చూడండి. జాకెట్ సరైనదో కాదో తెలుసుకోవడానికి, బకిల్స్ అన్నీ బిగించాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచి వచ్చిందంటే వదులుగా ఉన్నట్లే, నీళ్ళలో అది తేలుతుంది, మీరు అందులో నుంచి జారిపోతారు.

చుడీదార్‌లో ఇబ్బంది పెట్టేది చున్నీ, కాళ్ళ చుట్టూ చేరే వదులు బట్ట. తడిసిన నూలు బట్ట బరువెక్కి, తిరిగి బోర్డు ఎక్కేటప్పుడు మిమ్మల్ని కిందికి లాగుతుంది. ఒంటికి అంటిపెట్టుకొని ఉండి, త్వరగా ఆరే లెగ్గింగ్స్, నిండు చేతుల టీషర్టు ఎండకూ మంచివి, మర్యాదకూ మంచివి. కళ్ళజోడు ఉంటే వెనుక తాడు కట్టుకోండి. డ్యామ్ నీరు విశాలమైనది, లోతైనది, గాలికి అలలు లేచేది; నేర్చుకోవలసిన చోటు అది కాదు. పడినప్పుడు కాళ్ళకు నేల అందే చిన్న నీరు మొదటి రోజులకు చాలు.

బోర్డుతో పాటు లీష్ అని ఒక తాడు వస్తుంది, దాన్ని చీలమండకు తప్పక కట్టుకోండి. మనిషి దిగిపోయిన బోర్డు ఆకులాంటిది, చిన్న గాలికి కూడా మీరు ఈదగలిగిన దానికంటే వేగంగా కొట్టుకుపోతుంది. నిలువ నీటిలో మీకు అందుబాటులో ఉన్న అతి పెద్ద బెండు ఆ బోర్డే.

ప్రశ్న: గోదావరిలో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు మా పన్నెండేళ్ళ అమ్మాయిని బోర్డు ముందు భాగంలో కూర్చోబెట్టుకొని నేను నిలబడి నేర్చుకోవచ్చునా?
— ఒక తండ్రి, మంచిర్యాల

సమాధానం: వద్దు. మీరు ఇంకా నేర్చుకుంటున్నారు, ముందు కూర్చున్నవారి ప్రతి కదలికా మీ కాళ్ళ కిందికి వస్తుంది, మీరు పడితే తెడ్డో బోర్డో తగిలేది పాపకే. నది సంగతి మరీ వేరు. పారే నీటిలో చీలమండకు కట్టిన తాడు ఏ కంపకో రాతికో చుట్టుకుంటే, ప్రవాహం మిమ్మల్ని కిందికి నొక్కిపెడుతుంది, వంగి విప్పుకోవడం సాధ్యం కాదు. నదులలో తిరిగే అనుభవజ్ఞులు అందుకే నడుముకు కట్టుకొని ఒక్క లాగుతో ఊడదీసుకొనే పట్టీ వాడతారు. అమ్మాయికి వేరే చిన్న బోర్డు, నిలువ నీరు, తన కొలతకు సరిపోయే జాకెట్ చూడండి. పిల్లలు మనకంటే త్వరగా నిలబడతారు, ఆ అవమానానికి మాత్రం సిద్ధపడండి.

ప్రశ్న: మా చుట్టూ పాకాల, రామప్ప, లక్నవరం, లెక్కలేనన్ని కుంటలు ఉన్నాయి. వీటిలో ఎక్కడ, ఏ నెలలో, ఏ వేళ నేర్చుకుంటే మంచిది?
— ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: కాకతీయులు తవ్వించిన నీళ్ళ మధ్య పుట్టినవాళ్ళం, పాకాల, రామప్ప రెండూ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో వచ్చినవి, ఆ నీళ్ళ మీద నిలబడాలన్న మీ సరదా నాకు అర్థమవుతుంది. కానీ పాకాల అభయారణ్యం మధ్యలో ఉంది. అక్కడ అటవీశాఖ మాటే చెల్లుతుంది, మొసళ్ళకు కూడా ఆ అడవి నెలవే. లక్నవరంలో పర్యాటక శాఖ పడవలు తిరుగుతుంటాయి, సొంత బోర్డు దించాలంటే ముందు అక్కడివారిని అడగాలి. నన్నడిగితే ఈ పెద్ద చెరువులన్నీ నిలబడడం వచ్చాక చూసుకోవలసినవి. మొదటి పది ఉదయాలకు మీ ఊరి చెరువులో శిఖం వైపు, నీరు క్రమంగా లోతయ్యే చోటు కావాలి.

ఆ చోటును మీరు ఎంచుకోకండి, మత్స్య సహకార సంఘంలోని పెద్దను అడగండి. చెరువులో చేప వారిది, వలలు ఎక్కడ వేసి ఉన్నాయో వారికి తెలుసు. నీటి కింద కనిపించని సన్నని నైలాన్ వల బోర్డు అడుగున ఉండే రెక్కకు చుట్టుకుంటే మీరు పడతారు, వారి వల తెగుతుంది, మర్నాటి నుంచి మీకు ఊళ్ళో మాట ఉండదు. వారికి తెలిసినది ఇంకొకటి, గుంతలు. పూడిక మట్టి కోసం, మొరం కోసం తవ్విన చోట మోకాలి లోతు నీరు ఒక్క అడుగు తేడాలో రెండు నిలువుల లోతవుతుంది. ఒడ్డున నిలబడి చూసేవారికి ఆ తేడా కనిపించదు.

కాలం విషయానికి వస్తే, దసరా తర్వాత మత్తడి ఆగిపోయి, చెరువు నిండుగా, తేటగా ఉండే రోజుల నుంచి మాఘమాసం దాకా మంచిది. వానాకాలంలో మత్తడి దుంకుతున్న చెరువులోకి దిగకండి. అది చూడడానికి పోయే పండుగే కానీ ఆడుకొనే నీరు కాదు. యాసంగికి తూము ఎత్తినప్పుడు ఆ దరిదాపులకు పోవద్దు, పైన నీరు కదలనట్లే ఉంటుంది, కింద లాగుడు ఉంటుంది. ఎండాకాలంలో నీరు తగ్గి మొద్దులూ బండరాళ్ళూ అడుగుననే ఉంటాయి, నిటారుగా ఉన్నవారు వాటి మీద పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. వైశాఖంలో మధ్యాహ్నం తర్వాత హఠాత్తుగా లేచే గాలిదుమారం, దాని వెనుక పిడుగులు, చెరువు నడుమ నిలబడిన మనిషికి ఉండదగిన చోటు కాదు.

వేళ మాత్రం ఏ నెలలోనైనా ఒకటే, సూర్యుడు పొడిచిన మొదటి రెండు గంటలు. నేల వేడెక్కే కొద్దీ గాలి లేస్తుంది, నిలబడిన మీ ఒళ్ళే తెరచాప అవుతుంది. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా పోండి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తోసుకొస్తుంది. మధ్యలో గాలి ముదిరితే పట్టుదలకు పోకుండా మోకాళ్ళ మీద కూర్చోండి, అప్పటికీ సాగకపోతే బోర్లా పడుకొని చేతులతో ఈదుకుంటూ రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, అరవై మూడేళ్ళు. పన్నెండేళ్ళుగా మధుమేహం ఉంది. బోర్డు మీద నిలబడడం వల్ల వయసు పైబడినవారికి తూలిపోవడం తగ్గుతుందని మా అల్లుడు చెప్పాడు. ప్రయత్నించవచ్చునా?
— ఒక పాఠకుడు, జనగామ

సమాధానం: మీ అల్లుడిగారి ఆలోచనలో పస ఉంది, నిలకడ అనేది అభ్యాసం చేస్తే ఏ వయసులోనైనా మెరుగవుతుంది. కానీ మీ విషయంలో ముందు అరికాళ్ళను డాక్టరుకు చూపించండి. ఎక్కువకాలం ఉన్న మధుమేహం పాదాల నాడులను మొద్దుబారుస్తుంది. సన్నని నైలాన్ దారంతో అరికాలిని తాకించి, తెలుస్తున్నదా అని అడిగే చిన్న పరీక్షతో అది తేలిపోతుంది. కాలి నుంచి కబురే రాకపోతే నిలకడ భారమంతా కళ్ళ మీద పడుతుంది, కదిలే నీటి మీద కళ్ళు నమ్మదగిన సాక్షి కావని మొదటి సమాధానంలో చెప్పాను. ఇంట్లోనే మీకు మీరు చూసుకోవచ్చు: గోడ మూలలో, పక్కన ఒకరిని నిలబెట్టుకొని, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోండి. కళ్ళు తెరిచి ఉన్నప్పటి కంటే బాగా ఎక్కువగా తూలుతుంటే బోర్డు ఆలోచనను పక్కన పెట్టి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

అంతా బాగుంటే కూడా మొదటి నెల నేల మీదే చేయండి. పళ్ళు తోముకునేటప్పుడు గోడకు ఒక చెయ్యి దగ్గరగా ఉంచుకొని ఒంటికాలి మీద అర నిమిషం, తర్వాత రెండో కాలు. అది సులభమయ్యాక మడతపెట్టిన బొంత మీద అదే పని. కాలి కింద మెత్తగా కుంగే బొంత బోర్డుకు తొలి బంధువు. చెరువుకు పోయే రోజు వస్తే నీటి చెప్పులు తొడుక్కోండి, నత్తగుల్లలూ గాజుపెంకులూ మీ పాదానికి తగిలినా మీకు తెలియకపోవచ్చు. మోకాళ్ళ మీద తెడ్డు వేసుకుంటూ సాగినా అది పూర్తి వ్యాయామమే, నిలబడి తీరాలన్న నియమం లేదు.

ప్రశ్న: తెడ్డు రెక్క ఒకవైపుకు వంగి ఉంటుంది కదా. ఆ వంపు మనవైపు ఉండాలా, ముందువైపు ఉండాలా? ఇద్దరు స్నేహితులు రెండు రకాలుగా చెబుతున్నారు.
— ఒక విద్యార్థి, జగిత్యాల

సమాధానం: ముందువైపే. తెడ్డును మీ ముందు నిలువుగా పట్టుకుంటే రెక్క కొస మీ నుంచి దూరంగా, బోర్డు ముక్కు వైపు వంగి ఉండాలి. గరిటెతో పులుసు తోడుకున్నట్లు మనవైపు వంపు ఉంటే నీరు ఎక్కువ వస్తుందని తోస్తుంది, మీ రెండో స్నేహితుడు అలాగే అనుకొని ఉంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి గోవాలో బోర్డు అద్దెకు తీసుకున్నప్పుడు ఇచ్చినాయన ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు రోజులపాటు తెడ్డును తిరగేసి పట్టుకొని, ప్రతి తోపు చివరా నీటిని వెనక్కు నెట్టడానికి బదులు పైకి ఎత్తిపోస్తూ, ఎత్తిపోసిన ప్రతిసారీ బోర్డు తోక కుంగి తూలుతూ, కాళ్ళదే లోపమనుకున్నాను. మూడో రోజు పక్కన పోతున్న పదేళ్ళ పిల్లవాడు తన తెడ్డును ఎత్తి, వేలితో వంపును చూపించి నవ్వి పోయాడు.

పైచేతిని అడ్డుపిడి మీద, కిందిచేతిని కాడ మీద ఉంచి, రెక్క పూర్తిగా మునిగేలా కాలివేళ్ళకు ముందు దించి, చీలమండల దాకా లాగి తీసేయండి. అంతకంటే వెనక్కు లాగితే వంపు ఎటున్నా నీటిని పైకే ఎత్తుతారు. తెడ్డు పొడవు కూడా ఒకసారి సరిచూసుకోండి. నేల మీద నిలబెట్టి చెయ్యి పైకి చాపితే అడ్డుపిడి మణికట్టు దగ్గరికి రావాలి. పొట్టి తెడ్డయితే రెక్కను నీటికి అందించడానికి ప్రతిసారీ నడుము వంచవలసి వస్తుంది, వంచినప్పుడల్లా చూపు మళ్ళీ పాదాల మీదికే పోతుంది.